పడవకూ కావాలి లైఫ్ సర్టిఫికెట్

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఒక పావుగంట మాట్లాడండి, విషయం మీ ఇష్టం" అని కార్యదర్శిగారు సెలవిచ్చారు. డి.ఆర్. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. అందుచేత నేను వేరే దారి పట్టాను. కార్తీక మాసం దగ్గరపడుతోంది. ఈసారి వనభోజనాలతోపాటు పడవలో నదీ విహారం కూడా పెట్టుకుందామని కార్యవర్గంలో ప్రతిపాదన వచ్చింది. వద్దని చెప్పడానికి నేను నిలబడలేదు. మునిసిపాలిటీలలో లైసెన్సుల సెక్షన్‌లో చాలా ఏళ్ళు పనిచేసినవాడిని గనుక, అద్దె పడవ ఎక్కేముందు మనం ఏం అడగాలి, ఊరిని పాలించేవారిని ఏం కోరాలి అన్న రెండు సంగతులు మనవి చేస్తాను. ముందుగా, ఇళ్ళ మధ్యనే పడవలు తిరిగే ఒక నగరం వాటిని ఎలా అదుపు చేసుకుంటోందో చెబుతాను.

మా అమ్మాయీ అల్లుడూ ఉద్యోగరీత్యా నెదర్లాండ్స్‌లో ఉంటున్నారు. ఒక వేసవిలో మూడు నెలలు మేమిద్దరం ఆమ్‌స్టర్‌డామ్‌లో వాళ్ళ దగ్గర ఉన్నాం. ఆ ఊళ్ళో వీధులు ఎన్నో కాలువలూ అన్ని అనిపిస్తుంది. నడిబొడ్డున ఉన్న పెద్ద కాలువలను పదిహేడో శతాబ్దంలో, అర్ధచంద్రాకారంలో ఒకదాని వెనుక ఒకటిగా తవ్వారు. అప్పట్లో వ్యాపారుల సరుకు పడవ మీద వచ్చి గుమ్మం ముందు దిగేది. 2010లో యునెస్కో ఆ కాలువల వలయాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గట్టు మీద ఇళ్ళు సరే, నీళ్ళలోనే కట్టేసిన పడవల్లో కాపురం ఉండేవాళ్ళు కూడా అక్కడ వేలల్లో ఉన్నారు.

అక్కడ అద్దె పడవలు రెండు రకాలు. సరంగుతో సహా అద్దెకిచ్చేవి ఒక రకం. మనమే నడుపుకోవలసినవి ఇంకొక రకం. పొడవు పదిహేను మీటర్లు దాటకుండా, గంటకు ఇరవై కిలోమీటర్లకు మించి పోలేని పడవ నడపడానికి ఆ దేశంలో డ్రైవింగ్ లైసెన్సు అక్కర్లేదు. కనుక నిన్న విమానం దిగిన కుర్రాడు కూడా ఇవాళ పడవ తీసుకుని కాలువలోకి వస్తాడు. వేసవిలో అక్కడ రాత్రి పది గంటల దాకా వెలుతురు ఉంటుంది. పాటలు, కేకలు, బీరు సీసాలు. నీళ్ళ మీద మాట చాలా దూరం వినిపిస్తుందని మనకు తెలుసు కదా! వేగంగా పోయే పడవ అల కొడితే, కట్టేసి ఉన్న పడవ ఇంట్లో కాఫీ కప్పు తొణుకుతుంది.

మా అమ్మాయి వాళ్ళ పక్కింట్లో ఒక రిటైర్డ్ పెద్దాయన ఉండేవారు. సాయంత్రం కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఆయన ఇంగ్లీషులో నాతో అన్నమాటకు తెలుగు ఇది: "పడవల మీద నాకు కోపం లేదండీ. నా కిటికీ కింద ఎన్ని తిరుగుతున్నాయో ఎవరో ఒకరి దగ్గర లెక్క ఉండాలి, అంతే."

ఆ లెక్క అక్కడి నగరపాలక సంస్థ దగ్గర ఉంది. డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకోవాలంటే పర్మిట్ కావాలి. ఆ పర్మిట్ల సంఖ్యకు పరిమితి ఉంది. చాలా కాలువల్లో గంటకు ఆరు కిలోమీటర్లకు మించి పోకూడదు. అంటే మనం పొద్దున వాకింగ్‌లో కొంచెం చురుగ్గా నడిస్తే పడవతో సమానంగా పోతాం. తాగి నడిపితే రోడ్డు మీద ఏ హద్దో నీళ్ళ మీదా అదే హద్దు. 2025 నుంచి నగర కేంద్రంలోని కాలువల్లో పొగ వదిలే ఇంజన్లున్న విహార పడవలను దశలవారీగా తప్పిస్తున్నారు.

ఈ పరిమితి మీద ఒక వ్యాజ్యం నడిచింది. లైసెన్సు ఫైళ్ళు చూసినవారందరికీ అది ఆసక్తిగా ఉంటుంది. టాపు లేని పడవను బృందాలకు అద్దెకు ఇచ్చుకుంటానని ఒకాయన దరఖాస్తు పెట్టాడు. కోటా నిండిందని నగరం తిరస్కరించింది. ఆయన కోర్టుకెక్కాడు. ఆ వివాదం చివరికి లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం దాకా వెళ్ళింది. 2015 అక్టోబర్ 1న తీర్పు వచ్చింది. దాని సారాంశం నాకు అర్థమైనంతలో ఇది: ప్రజాప్రయోజనం కోసం పర్మిట్ల సంఖ్యను పరిమితం చేసినప్పుడు, ఉన్నవారికి ఆ పర్మిట్లను గడువు లేకుండా ఇచ్చి కూర్చోకూడదు. ముందొచ్చినవాడు జీవితాంతం అనుభవిస్తూ ఉంటే కొత్తవాడికి దారి ఉండదని దాని భావం.

మిత్రులారా! మనం దరఖాస్తు ఫారాలు చూసినవాళ్ళం. ఏ లైసెన్సుకైనా మూడే ప్రశ్నలు. ఎవరికి? ఎక్కడ? ఎప్పటి దాకా? మొదటి రెండూ అందరూ రాస్తారు. మూడోదే అందరూ మరిచిపోతారు. మనకు పింఛను నడవాలంటే ఏడాదికొకసారి బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. మోకాళ్ళు నొప్పిపెడుతున్నా, వేలిముద్ర పడకపోయినా, వెళ్ళి ఇస్తున్నాం. పదిమందిని, పాతికమందిని మోసే పడవ మాత్రం నేను బాగానే ఉన్నానని ఏటా ఒకరి ఎదుట రుజువు చేసుకోవద్దా? ఈ ఒక్క మాట చెప్పడానికే ఇంత దూరం తిప్పి తీసుకొచ్చాను.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం.

2017 నవంబర్ 12. కార్తీక మాసం, ఆదివారం. కృష్ణలో పడవ ఎక్కి ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమానికి హారతి చూడటానికి బయలుదేరారు. ఒడ్డు కనబడుతుండగానే పడవ బోల్తా పడింది. ఇరవై మందికి పైగా పోయారు. వారిలో ఎక్కువమంది ఒంగోలు నుంచి వచ్చిన వాకర్స్ క్లబ్ వారు, వారి కుటుంబ సభ్యులు. అంటే మనలాంటివాళ్ళే. పొద్దున లేచి నడిచేవాళ్ళు, కలిసి చందాలు వేసుకుని యాత్రలకు వెళ్ళేవాళ్ళు. ఆ పడవకు అక్కడ తిరగడానికి అనుమతి లేదని ఆ తరువాత తేలింది.

2019 సెప్టెంబర్ 15. గోదావరి వరదలో ఉంది. పాపికొండల విహారానికి బయలుదేరిన లాంచీ దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర సుడిలో మునిగింది. డెబ్బై మందికి పైగా ఎక్కిన ఆ లాంచీ నుంచి ప్రాణాలతో బయటపడ్డవారు ఇరవై ఆరుగురు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం గారి బృందం అక్టోబర్ 22న గాని లాంచీని పైకి తేలేకపోయింది.

2023 మే 7. కేరళలో తానూరు. చేపల పడవను మార్చి విహార పడవ చేశారు. చీకటి పడ్డాక, మోయగలిగినదాని కంటే ఎక్కువమందితో బయలుదేరింది. ఇరవై ఇద్దరు పోయారు. వారిలో పసిపిల్లలున్నారు.

ఈ మూడింటిలో ఏదీ రహస్యంగా జరగలేదని గమనించండి. పడవలు రేవులో అందరి ఎదుటా నిలబడ్డాయి. డబ్బు పుచ్చుకున్నారు. చేయందించి ఎక్కించారు. ఆ రేవులో "ఆగు" అనడానికి అధికారం, బాధ్యత రెండూ ఉన్న ఒక్క మనిషి నిలబడి ఉంటే సరిపోయేది.

ఎందుకు లేడంటే, మనకు తెలియనిదేముంది! నీరు ఒక శాఖది. గట్టు ఇంకొక శాఖది. పర్యాటకం మరొకరిది. శాంతిభద్రతలు పోలీసులవి. చెత్త ఎత్తడం మాత్రం మునిసిపాలిటీది. అయిదు బల్లల మీద తిరిగే ఫైలుకు ఆరో బల్ల శ్మశానం.

కొంత మేలు జరిగింది, అదీ చెప్పాలి. కచ్చులూరు తరువాత రాష్ట్ర ప్రభుత్వం 2020లో గండిపోచమ్మ, రాజమండ్రి, విజయవాడ బెర్మ్ పార్కు మొదలైన తొమ్మిది చోట్ల బోటింగ్ కంట్రోల్ రూములు ప్రారంభించింది. దేశం మొత్తానికి 1917 నాటి అంతర్గత నౌకల చట్టం పోయి 2021లో కొత్త చట్టం వచ్చింది. యంత్రంతో నడిచే పడవకు రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్, నడిపేవారికి అర్హత పత్రం, బీమా ఇవన్నీ అందులో ఉన్నాయి. చట్టం ఉంది. ఇక కావలసింది రేవులో దాన్ని చదివి అమలు చేసే మనిషి.

ఒడ్డున ఉన్నవారి మాట కూడా ఒకటి. మన బెజవాడ మధ్య నుంచి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ పోతున్నాయి. ఒకప్పుడు గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగుతుంటే ఈ కాలువల్లో పడవలు పోయేవి. పెద్దవాళ్ళలో ఎక్కినవారు కూడా ఉంటారు. రేపు ఈ కాలువల్లోనో, మరే ఊరి కాలువలోనో అద్దె పడవలు తిప్పుతామని ఎవరైనా వస్తే మంచిదే. కాని ఆ గట్ల మీద ఇళ్ళున్నాయి. పరీక్షలకు చదివే పిల్లలున్నారు. మంచం మీద ఉన్న ముసలివాళ్ళున్నారు. ఆ నీళ్ళే దిగువ ఊళ్ళకు తాగునీరు. కనుక ఎన్ని పడవలు, ఏ వేళ నుంచి ఏ వేళ దాకా, మైకులు ఉంటాయా, చెత్తా మరుగూ ఎక్కడికి పోతాయి అన్నవి ముందే గట్టున ఉన్నవారిని కూర్చోబెట్టి తేల్చాలి. పడవ కొన్న తరువాత అడిగితే పెట్టుబడి పెట్టినవాడు ఏడుస్తాడు, అడగకపోతే గట్టు మీదివాడు ఏడుస్తాడు.

ఇదంతా వింటే నేను పడవలవాళ్ళకు వ్యతిరేకినని అనుకోవద్దు. కృష్ణలో మునిగినవారిని ఒడ్డుకు చేర్చినవారు అక్కడి జాలర్లే. కచ్చులూరులో లైఫ్ జాకెట్ల మీద తేలుతున్నవారి కోసం తమ చిన్న పడవలు వేసుకుని వచ్చినవారు గట్టు మీది గ్రామస్థులే. నీటి సంగతి వారికి తెలిసినంత మనకు తెలియదు. నియమం ప్రకారం నడిపే సరంగుకు నష్టం చేసేవాడు నియమం పెట్టిన ఆఫీసరు కాదు. పక్కనే కాగితం లేకుండా సగం రేటుకు జనాన్ని ఎక్కించుకునేవాడు. లైసెన్సు సరిగ్గా అమలైతే ముందుగా బాగుపడేది నిజాయితీగా నడిపే పడవవాడే.

ఇక మన ప్రయాణం. ఎక్కేముందు అయిదు ప్రశ్నలు అడుగుదాం. మొహమాటం వద్దు.

మొదటిది, సర్వే సర్టిఫికెట్ చూపించమందాం. గడువు తేదీ మన కళ్ళతో చూద్దాం. రెండోది, ఎంతమందికి అనుమతి ఉంది? మన తలలు మనమే లెక్కపెడదాం; పడవ సిబ్బందినీ, చంటిపిల్లల్నీ కలిపే. మూడోది, లైఫ్ జాకెట్. సీటు కింద ఉన్నది లైఫ్ జాకెట్ కాదు, ఒంటికి కట్టుకున్నదే లైఫ్ జాకెట్. చీర నలుగుతుందని ఆడవారు, ఉక్కపోస్తుందని మగవారు సాకులు చెప్పకూడదు. నాలుగోది, ఏటి పరిస్థితి. గోదావరి అయితే భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక. అంతదాకా ఆగనక్కర్లేదు, ఎర్రనీరు వేగంగా దిగుతుంటే ఆ రోజు సత్రంలో భోజనం చేసి తిరిగొద్దాం. సూర్యాస్తమయం లోపల ఒడ్డున ఉండాలి. అయిదోది, మన పేర్ల జాబితా ఒకటి ఒడ్డున కంట్రోల్ రూములో ఇచ్చామా? ఈ అయిదింటిలో ఒక్కదానికి సరైన జవాబు రాకపోయినా అడ్వాన్సు పోతే పోనిద్దాం. ఇంకొక మాట. ఫోటో కోసమో హారతి కోసమో అందరూ ఒకే పక్కకు లేవకండి. పడవకు మన వయస్సు తెలియదు, బరువే తెలుసు.

చివరగా, ఈ సభ ముందు ఒక తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. అద్దె పడవలు తిరిగే ప్రతి రేవులోనూ ఒక బోర్డు పెట్టాలని నగరపాలక సంస్థ కమిషనరుగారికీ, జిల్లా కలెక్టరుగారికీ మన సంఘం తరఫున రాద్దాం. ఆ బోర్డు మీద పడవ నంబరు, ఎక్కదగిన మనుషుల సంఖ్య, సర్టిఫికెట్ గడువు తేదీ, ఫిర్యాదు చేయవలసిన ఫోన్ నంబరు తెలుగులో ఉండాలి. కళ్ళజోడు మరిచిపోయి వచ్చినవాడికి కూడా కనబడేంత పెద్ద అక్షరాలు ఉండాలి. పెయింటు డబ్బా ఖర్చే తప్ప దీనికి బడ్జెట్ అక్కర్లేదు. ఈ ఉత్తరం డ్రాఫ్టు చేయడానికి నేను సిద్ధం. పంపిన తరువాత నెలకొకసారి ఆఫీసుకు వెళ్ళి ఫైలు ఎక్కడుందో కనుక్కోవడానికి ఇద్దరు సభ్యులు ముందుకు రావాలి. ఉద్యోగంలో ఉన్నప్పుడు మన చుట్టూ జనం తిరిగారు. ఇప్పుడు జనం కోసం మనం నాలుగుసార్లు తిరిగితే తప్పు లేదు.

 తీర్మానాన్ని బలపరచవలసిందిగా కోరుతున్నాను.