బడికి రాని బిడ్డలు

తాడిపత్రి ప్రాంతమున సెనక్కాయ పెరికెడు దినములలో తరగతులు పలుచబడుట ఉపాధ్యాయులెరిగినదే. అనంతపురం జిల్లాలో ఏటి వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. అదియును తప్పిన యేట తల్లిదండ్రులు కూలికై బెంగుళూరు పోవుదురు, బిడ్డలును వెంటపోవుదురు. హాజరుపట్టీలో గుర్తు వేసినంతనే వారు మరలి రారు గదా!

2003 జనవరిలో బడులలో మధ్యాహ్నభోజనము మొదలైనది. 2020లో వచ్చిన అమ్మఒడి పథకము తల్లులకు సొమ్మిచ్చి, పిదప 75 శాతము హాజరు నియమము పెట్టినది. సొమ్ము ఏటికొక్కసారి; అన్నము బడి నడచు ప్రతిదినము. నేను అన్నమునే ఎక్కువగా నమ్ముదును.

బిడ్డ రెండవ దినమును రానిచో ఉపాధ్యాయుడు ఇంటికి పోవలెను, మందలించుటకు కాదు. వలసపోవువారు బిడ్డను అవ్వకడ విడువగలరేమో అడుగుటకు. తమ్ముని ఎత్తుకొని ఇంట నిలిచినది ఆడపిల్లయైనచో, ముందుగా ఆ తమ్ముని అంగన్‌వాడీలో చేర్పింపవలెను.