పోటీ ధరలో, పొత్తు యార్డులో

మార్కెట్ యార్డులో కందులు కొనే వ్యాపారులు ధర దగ్గర ఒకరికొకరు పోటీ. కానీ యార్డు, కాంటా, హమాలీలు అందరికీ ఉమ్మడే. పెద్ద కంపెనీలదీ ఇదే దారి. ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియా 2007లో ఇండస్ టవర్స్ అనే ఉమ్మడి సంస్థ పెట్టుకున్నాయి. మొబైల్ టవర్ల ఖర్చు పంచుకున్నాయి. ఖాతాదారుల కోసం మాత్రం గట్టిగా పోటీపడ్డాయి. మరి వ్యాపారులు కలిస్తే మునిగేది రైతే కదా అంటారా? ఆ భయం న్యాయమైనదే. అందుకే కలవాల్సింది సౌకర్యాల దగ్గర, ధర దగ్గర కాదు. ధర దగ్గర కుమ్మక్కైతే 2002 నాటి పోటీ చట్టం ఒప్పుకోదు. నిజామాబాద్ పసుపు మార్కెట్లో ఈ-నామ్ అనే ఆన్‌లైన్ వేలం వేదిక వచ్చాక వ్యాపారులు ఆన్‌లైన్‌లోనే ధర వేస్తున్నారు. దాంతో ఎదురుగా కూర్చుని మాట్లాడుకుని ధర తేల్చే అవకాశం తగ్గుతుంది. రైతన్నలారా, కొనేవాళ్లంతా ఒక్కటే ధర చెబితే తొందరపడకండి. కారణమేమిటో మార్కెట్ కార్యదర్శిని అడగండి.