‘నేనెవరు?’ అని అడిగేదెవరు?

ఈ ఉపన్యాసం మా మాస్టారి పేరిట ఏర్పాటైంది. ఆయన పాండిత్యం గురించి నాకంటే బాగా చెప్పగలవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. నాకు ఆయన పెన్సిలు రాత గుర్తుంటుంది. విద్యార్థి వాక్యాన్ని ఎన్నడూ కొట్టేసేవారు కాదు. పక్కన సన్నగా ‘ఎవరితో చెబుతున్నావు?’ అని రాసేవారు. ఆ ప్రశ్న పట్టుకునే ఈ రోజు మాట్లాడతాను.

ప్రాజెక్టు పని మీద నా దగ్గరికి వచ్చే డిగ్రీ పిల్లల్లో ఎక్కువమంది ‘ఐడెంటిటీ’ అంటున్నారు, ‘సెల్ఫ్’ అంటున్నారు. మనస్తత్వవేత్త ఎరిక్సన్ చెప్పిన గుర్తింపు సంక్షోభం, మార్సియా 1966లో చెప్పిన నాలుగు గుర్తింపు స్థితులు వాళ్లకు కంఠతా వచ్చు. ‘నేనెవరు?’ అన్న ప్రశ్న మన చుట్టుపక్కల పాతదే: తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది మదనపల్లెలోనే. చిత్తూరు నుంచి వేలూరు మీదుగా పోతే రమణ మహర్షి అరుణాచలం. వాళ్ల ఆత్మవిచారణ వేరు. నా తగువు ఒక కాగితంతో.

శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం పుట్టిన 1954లోనే అమెరికాలోని అయోవాలో సామాజిక శాస్త్రవేత్తలు కూన్, మెక్‌పార్ట్‌లాండ్ వెలువరించిన పరీక్ష అది. ఇరవై ఖాళీ గీతలు, పన్నెండు నిమిషాలు, ‘నేనెవరు?’ అనే ఒకే ప్రశ్న. ఒకమ్మాయి నింపింది చూడండి: మా నాయన కూతుర్ని, ఇంటికి పెద్దదాన్ని, హాస్టల్లో ఉంటాను, బీఏ రెండో ఏడు. పదకొండో గీత దగ్గర ‘తొందరగా కోపం వస్తుంది’, పద్నాలుగో గీత మీద ‘ఎవరూ లేనప్పుడు పాడతాను’. ప్రాజెక్టు రిపోర్టు మాత్రం మొదటి నాలుగు గీతల దగ్గరే ఆగి, మన యువతకు సొంత ‘నేను’ లేదని తేల్చేస్తుంది. పడమటి ‘నేను’ విడిగా నిలుస్తుందని, తూర్పు ‘నేను’ ఇతరులతో ముడిపడి ఉంటుందని మార్కస్, కితయామా 1991లో రాసిన వ్యాసాన్ని సాక్ష్యానికి పిలుస్తుంది.

దీన్ని నేను ఎన్నాళ్లుగానో కాదంటున్నాను. కూన్, మెక్‌పార్ట్‌లాండ్ మూల వ్యాసం తెరవండి. అయోవాలోని 288 మంది విద్యార్థులు ఎక్కువగా ముందు నలుగురికీ తెలిసిన వరసలు, హోదాలు రాశారు. అవి అయిపోయాకే సొంత గుణాల్లోకి దిగారు. మన అమ్మాయి చేసిందీ అదే. తర్వాతి రెండు దశాబ్దాల్లో అమెరికా విద్యార్థుల జవాబులు హోదాల నుంచి స్వభావాల వైపు జరిగాయని జుర్కర్ 1977లో పుస్తకమే రాశాడు. ఒకే దేశంలో ఇంత మార్పు వస్తే, తూర్పు పడమరల తేడా అని ఎలా సరిపెట్టుకుంటాం?

అడిగే చోటును బట్టి కూడా జవాబు మారుతుంది. కజిన్స్ 1989లో జపాన్, అమెరికా విద్యార్థుల్ని ‘ఇంట్లో నేనెవరు, బళ్లో నేనెవరు’ అని చోటు చెప్పి అడిగితే, గుణాలు ఎక్కువగా రాసింది అమెరికన్లు కాదు, జపాన్ విద్యార్థులు. 2001లో కనగావా, క్రాస్, మార్కస్ విద్యార్థుల్ని ఒంటరిగా, తోటివారి పక్కన, అధ్యాపకుడి ఎదుట, గుంపులో కూర్చోబెట్టి అడిగారు. జపాన్ వాళ్ల జవాబులు ఎదుట ఎవరున్నారన్నదాన్ని బట్టి అమెరికన్ల కంటే ఎక్కువ మారాయి. ఇందులోనూ ఆ మార్కస్ గారే ఉన్నారు! 1991 వ్యాసాన్ని ఉదహరించేవారు ఇక్కడిదాకా వస్తే బాగుండును. జపాన్ గొడవ మనకెందుకని ఒక సదస్సులో నన్ను నిలదీశారు. సరే, మన మనస్తత్వవేత్తలు సిన్హా, త్రిపాఠి ఏమన్నారు? వ్యక్తివాదం, సమష్టివాదం భారతీయుల్లో పక్కపక్కనే ఉంటాయని 1994లోనే రాశారు.

ఇక మన క్లాసుల్లో ఈ పరీక్ష పెట్టే తీరు చూడండి. కాగితం పైన హాల్‌టికెట్ నంబరు రాయించి, లెక్చరర్ బెంచీల మధ్య తిరుగుతుంటే, ఏ పిల్ల ‘పాడతాను’ అని మొదటి గీత మీద రాస్తుంది?

చోటు మారితే ‘నేను’ ఎంత మారుతుందో చూడాలంటే జాతరకు పోవాలి. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో కైకాల కుటుంబం వాళ్లు బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలు కడతారు. మొక్కు తీర్చుకునే కుర్రాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని గుడికి నడుస్తారు. పరిశోధకురాలు ఫ్లూకిగర్ 2013లో ఈ జాతర మీదే పుస్తకం వెలువరించారు. మన విద్యార్థుల ప్రాజెక్టుల్లో దాని ప్రస్తావన నాకింకా కనబడలేదు. క్లాసులో ‘బీకాం విద్యార్థిని, వాలీబాల్ ఆడతాను’ అని రాసిన కుర్రాడు చీరలో ఉండగా అవే ఇరవై గీతలు ఎలా నింపుతాడు?

నేనిప్పుడు చేస్తున్న పని ఇదే. ఒకే విద్యార్థికి అదే కాగితం మూడుసార్లు ఇస్తాం: క్లాసులో, సొంతూళ్లో, జాతరలో. పేరూ నంబరూ ఉండవు, మూడింటినీ కలిపే గుర్తు ఒకటి అతనే పెట్టుకుంటాడు. అడిగేది తోటి విద్యార్థి. మొదటి గీతకూ చివరి గీతకూ ఒకే విలువ ఇచ్చి వర్గీకరిస్తాం. కాగితాలు పంచడానికి మే నెలలో వచ్చే జాతరకు ముందే మనుషులు కావాలి; రెండో ఏడు, మూడో ఏడు పిల్లలెవరైనా సభ అయ్యాక నన్ను కలవండి.