స్టీరింగ్ ఆయిల్ కారుతోందా?

అనకాపల్లి మార్కెట్లో బెల్లం ఎత్తుకుని 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కాల్సిన లారీ. ముందు చక్రం దగ్గర నేలమీద నూనె మరక. స్టీరింగ్ బరువెక్కింది, తిప్పితే మూలుగుతోంది. పవర్ స్టీరింగ్ ఆయిల్ కారుతోందన్నమాట.

చక్రాలకు అడ్డు పెట్టండి. పైపులన్నీ గుడ్డతో తుడవండి. ఇంజను ఆన్ చేసి, ఒకరిని స్టీరింగ్ తిప్పమనండి. ఎక్కడ తడి తేలుతోందో లైటు వేసి చూడండి. చేత్తో మాత్రం తడమకండి! పైపులోని ఒత్తిడికి సన్నటి ఆయిల్ ధార చర్మంలోకి దూరిపోతుంది. అలా జరిగితే చిన్న గాటే కదా అనుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆయిల్ డబ్బాకు తిరిగొచ్చే రిటర్న్ పైపులో ఒత్తిడి తక్కువ. క్లిప్పు వదులైతే ఇంటి దగ్గరే, ఇంజను ఆపి మార్చుకోవచ్చు. పంపు నుంచి వెళ్లే ప్రెషర్ పైపు సంగతి వేరు. దానికి టేపు చుట్టకండి, ఎంసీల్ పూయకండి. మళ్లీ చెబుతున్నా, ప్రెషర్ పైపుకి అతుకు పనికిరాదు. కొత్తదే వేయాలి. బిగింపు దగ్గర రాగి వాషర్లుంటే అవీ కొత్తవే.

తర్వాత కంపెనీ చెప్పిన ఆయిలే పోయండి. స్టీరింగ్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు మెల్లగా తిప్పండి. డబ్బాలో నురగ కనిపిస్తే లోపల గాలి ఉన్నట్టే. కాసేపు ఆపి, ఆయిల్ నింపి, మళ్లీ తిప్పండి.