గొంతును కాపాడుకున్న గాయని



మైకు లేకుండా, పెద్ద వాద్యబృందం హోరును దాటి, హాలంతటికీ వినిపించేలా పాడుతూ నటించడం ఎంత కష్టమో ఊహించండి. పాశ్చాత్యుల ఒపేరా అంటే అదే. అందులో స్త్రీల హెచ్చు స్థాయి గాత్రాన్ని సొప్రానో అంటారు. ఆ గాత్రంతో పేరు పొందిన లియోంటీన్ ప్రైస్ గురించి ఈ రోజు నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఆమె 1927లో అమెరికాలో, మిసిసిపీ రాష్ట్రంలోని లారెల్ అనే ఊళ్ళో పుట్టింది. తండ్రి కలప మిల్లులో కూలీ. తల్లి మంత్రసాని, చర్చిలో పాడేది. పిల్లకు అయిదేళ్ళప్పుడు, ఇంట్లో ఉన్న గ్రామఫోను ఇచ్చేసి పియానోకు మొదటి వాయిదా కట్టారు. నల్లవారికి బడి వేరు, రైల్లో పెట్టె వేరు అయిన రోజులవి. తొమ్మిదో ఏట తల్లి ఆమెను జాక్సన్ పట్నం తీసుకెళ్ళి మేరియన్ ఆండర్సన్ కచేరీ వినిపించింది. తమ జాతి స్త్రీ అంత హుందాగా వేదికమీద నిలబడడం చూశాక ఆ పిల్లకు తన దారేదో తెలిసింది. టీచరవుదామని కాలేజీలో చేరినా, చివరకు న్యూయార్కులోని జూలియార్డ్ సంగీత పాఠశాలకు చేరుకుంది.

1955లో ఆమె టెలివిజన్‌లో 'టోస్కా' పాడితే, దక్షిణాదిన కొన్ని కేంద్రాలు ప్రసారమే చెయ్యలేదు. ఆమె పాట మానలేదు. తర్వాత న్యూయార్కు మెట్రోపాలిటన్ ఒపేరా వారు 'అయిదా' పాత్రకు పిలిచారు. అయిదా శత్రువులకు బానిసగా చిక్కిన రాకుమారి. నల్లజాతి గాయని ఆ గడపలో మొదటి అడుగు బానిస వేషంలో పెట్టకూడదని శ్రేయోభిలాషి ఒకరు సలహా చెప్పారు. ఎవరైనా ఎగిరి గంతేసే అవకాశాన్ని ఆమె వద్దంది! 1961 జనవరి 27న 'ఇల్ ట్రొవాటోరె'లో గొప్పింటి యువతి లియొనోరాగా అక్కడ తొలిసారి పాడింది. చప్పట్లు 40 నిమిషాలు దాటి మోగాయని చెబుతారు.

ఆ ఏడాదే తన గొంతుకు బరువైన పాత్ర ఒకటి ఒప్పుకుంది. రెండో ప్రదర్శనలో, రెండో అంకం ముగిసేసరికి గొంతు పోయింది. మూడో అంకం మరొక గాయని పాడవలసి వచ్చింది. తర్వాత కొన్నాళ్ళు పాటకు విశ్రాంతి ఇచ్చి, మళ్ళీ కోలుకుంది. 1985 జనవరి 3న అదే 'అయిదా' పాడి, గొంతు నిండుగా ఉండగానే ఒపేరా వేదిక దిగింది. కచేరీలు మాత్రం ఆ తర్వాతా చేసింది.

మన ఇళ్ళలో ఆడపిల్ల "ఇది నాకు తగదు" అంటే పొగరంటాం. కాని దేవుడిచ్చిన విద్యను కాపాడుకోవాలంటే సాధన ఎంత అవసరమో, వేళకు "వద్దు" అనగలగడమూ అంతే అవసరం. ఆ మాట అనే ధైర్యం మన పిల్లలకు మనమే ఇవ్వాలి కదూ!