పాదం కింది రబ్బరు ఎవరి బాధ్యత?

(సంఘం మండల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఎరువుల కొరత గురించి, గిట్టుబాటు ధర గురించి, కౌలు రైతుల కష్టాల గురించి మనం ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈ రోజు అరచేతిలో పట్టే రబ్బరు ముక్క గురించి మాట్లాడుకుందాం. ట్రాక్టర్ క్లచ్, బ్రేకు పెడల్స్ మీద తొడిగే రబ్బరు అది. ఇంత చిన్న వస్తువుకు సంఘం సమావేశంలో పనేమిటని కొందరికి అనిపించవచ్చు. పనుంది. ఆ రబ్బరు అరిగితే ప్రాణాపాయం డ్రైవర్‌కు, ట్రాలీలో కూర్చున్న కూలీలకు. దాన్ని కొనాల్సింది మాత్రం యజమాని. అపాయం ఒకరిదీ, ఖర్చు ఇంకొకరిదీ అయినచోట 'తర్వాత చూద్దాంలే' అనే మాట పుడుతుంది. మన సంఘంలో ట్రాక్టర్ ఉన్నవాళ్లున్నారు, కిరాయికి పిలిపించుకునేవాళ్లున్నారు, తోలేవాళ్లున్నారు. అందుకే ఇది అందరం కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం.

దమ్ము చేసేటప్పుడు చూడండి. కాళ్లకు బురద, పెడల్‌కు బురద, చాలామంది చెప్పులు కూడా వేసుకోరు. రబ్బరు మీద గీతలు ఉన్నంతకాలం పాదానికి పట్టు ఉంటుంది. గీతలు అరిగి నున్నబడితే తడి కాలు జారుతుంది. మడిలోంచి గట్టు ఎక్కేటప్పుడు క్లచ్ మీది కాలు ఒక్కసారిగా జారిందంటే బండి ఎగిరి దూకుతుంది. ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడే ప్రమాదమూ ఉంది. రోడ్డు మీద ధాన్యం బస్తాల ట్రాలీతో దిగుడులో వస్తున్నప్పుడు బ్రేకు మీది కాలు జారితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఏమేం చూడాలి? ముందు బురద కడిగి, పెడల్స్ ఆరనిచ్చి, వెలుతురులో చూడాలి. గీతలు మాసిపోయాయా? అంచులు చిరిగాయా? ఎక్కడైనా ఇనుము బయటపడిందా? చేత్తో పట్టి తిప్పితే రబ్బరు కదులుతోందా? డీజిల్, ఆయిల్ పడి మెత్తబడి ఉబ్బిందా? ఎండకు బిరుసెక్కి పగిలిందా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా మార్చాల్సిందే. కొన్ని ట్రాక్టర్లకు రబ్బరు ఉండదు, ఇనుప పెడల్ మీదే గాట్లు ఉంటాయి. ఆ గాట్లు అరిగినా మెకానిక్‌కు చూపించాలి.

మార్చడం పెద్ద పనేమీ కాదు. బండిని చదునైన చోట ఆపి, రొటవేటర్‌ను నేలకు దించి, ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి, చక్రాలకు అడ్డు పెట్టాలి. పాత రబ్బరు అంచు పైకి లేపి లాగేయాలి. కింద ఇనుప రేకు తుప్పు పట్టి ఉంటే గరుకు కాగితంతో రుద్ది, పొడిగుడ్డతో తుడవాలి. రేకు వంగి ఉంటే అది సరిచేయకుండా కొత్త రబ్బరు నిలవదు. కొత్తదాన్ని కాసేపు వేడినీళ్లలో ఉంచితే సాగుతుంది. ముందు ఒక అంచు తొడిగి, మిగతా అంచులను మొండి స్క్రూడ్రైవర్‌తో కొద్దికొద్దిగా లోపలికి నెట్టాలి. సులువుగా ఎక్కుతుందని గ్రీజు, ఆయిల్ రాయొద్దు. అవసరమైతే సబ్బునీళ్లు చాలు. అవి పూర్తిగా ఆరేదాకా బండి తీయొద్దు. నాలుగు అంచులూ కూర్చున్నాయో లేదో వేలితో తడిమి చూసి, పెడల్‌ను అడుగుదాకా నొక్కి వదిలి, ఎక్కడా పట్టేయడం లేదని నిర్ధారించుకోవాలి.

పాత ట్యూబు ముక్క చుట్టి తీగతో కట్టే అలవాటు మన ఊళ్లలో ఉంది. అది వద్దు. తీగ వదులైతే ముక్క పాదంతో పాటే జారుతుంది. మీ బండి మోడల్ చెప్పి, ఆ పెడల్‌కు సరిపోయేదే అడిగి తెచ్చుకోండి. ఒక పూట దమ్ముకు కాలే డీజిల్ ఖర్చు ముందు దాని ధర లెక్కలోకి రాదు.

ఇంకో సంగతి. అరిగిన రబ్బరు బండి గురించీ చెబుతుంది. క్లచ్ రబ్బరు త్వరగా నున్నబడుతోందంటే పని లేనప్పుడూ కాలు దానిమీదే ఉంటోందేమో చూసుకోవాలి. ఆ అలవాటు క్లచ్ ప్లేటును తినేస్తుంది. రెండు బ్రేకు పెడల్స్‌లో ఒకదాని రబ్బరే బాగా అరిగిందంటే పొలంలో మలుపులకు ఆ వైపు బ్రేకే ఎక్కువ వాడారన్నమాట. అప్పుడు ఖాళీ స్థలంలో రెండు పెడల్స్‌నూ లాక్‌తో కలిపి, నెమ్మదిగా నడుపుతూ నొక్కి చూడండి. బండి ఒక పక్కకు లాగితే బ్రేకులు సమానంగా లేవు. సరిచేయించాకే రోడ్డెక్కాలి. రోడ్డు మీద ఆ లాక్ ఎప్పుడూ వేసే ఉండాలి.

యజమానులుగా మనం గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ట్రాక్టర్లతో సేద్యం చేసే పనివారిని 1923 నాటి నష్టపరిహార చట్టం షెడ్యూలులోనే చేర్చారు. ఆ చట్టాన్ని 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిపారు. పొలంలో ట్రాక్టర్ నడిపేవాడు కూడా కార్మికుడే, అతని భద్రత మన దయాదాక్షిణ్యం కాదు.

కాబట్టి ఈ సీజన్‌కు మూడు మాటలు అనుకుందాం. దమ్ములు మొదలయ్యే ముందు ప్రతి గ్రామ కమిటీ ఒక రోజు పెట్టి ఊళ్లోని ట్రాక్టర్లన్నిటి పెడల్స్ చూడాలి. అద్దె యంత్రాల కేంద్రాల నుంచి బండి తీసుకునేటప్పుడు రబ్బర్లు, బ్రేకు లాక్ చూశాకే సంతకం పెట్టాలి. రబ్బరు అరిగిన బండి తోలనని డ్రైవర్ అంటే అతని కూలి కోయకూడదు. రేపు ఉదయం బండి తీసే ముందు మన బండితోనే మొదలుపెడదాం.