ఇంటికొక కార్డు, మనిషికొక కార్డు

ఆదివారం మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చే వేళ బీమా గురించి వినడానికి ఇంతమంది టెక్సస్‌లోని ఈ ఇర్వింగ్ దాకా వచ్చారు. అంటే మీ ఇళ్లలో ఎవరికో 65 ఏళ్లు దగ్గర పడుతున్నాయన్నమాట. నేరుగా విషయంలోకి వస్తాను.

మనలో చాలామందికి ఆరోగ్యశ్రీ తెలుసు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది మొదలైనప్పుడు తెల్ల రేషన్ కార్డే ఆధారం. కార్డు ఇంటికొకటి. అందులో పేరుంటే చాలు, అత్తగారైనా కోడలైనా మనవడైనా దాని కిందే వైద్యం. అమెరికా వచ్చాక ఉద్యోగంతో పాటు దొరికిన బీమా కూడా ఇంటిల్లిపాదినీ కాచింది. ఉద్యోగం మానేసి వ్యాపారం పెట్టుకున్నవాళ్లు, తొందరగా రిటైరైనవాళ్లు 2014 నుంచి ప్రభుత్వం నడిపే బీమా మార్కెట్‌ప్లేస్‌లో కొనుక్కుంటున్నదీ ఇంటి బీమాయే. అందుకే బీమా అంటే ఇంటిదన్న నమ్మకం మనలో పాతుకుపోయింది.

65 నిండినవారికి ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే బీమా మెడికేర్. అది ఇంటిది కాదు, మనిషిది. 1965 జూలై 30న మిస్సోరీ రాష్ట్రంలోని ఇండిపెండెన్స్ పట్టణంలో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఆ చట్టం మీద సంతకం చేశారు. మాజీ అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ పేరు మొదట చేరింది, ఆయన భార్య బెస్ పేరు రెండోది. భార్యాభర్తలే అయినా ఎవరి కార్డు వారిది. అరవై ఏళ్లు దాటినా ఆ పద్ధతి మారలేదు. మీకు మెడికేర్ వచ్చిందంటే మీ ఆవిడకు వచ్చినట్టు కాదు, చదువుకుంటున్న మీ అబ్బాయికి అసలే కాదు.

నేను చెప్పదలచుకున్నదంతా ఈ తేడాలోనే ఉంది. 65 నిండిన మనిషి ఇంటి కార్డులోంచి తన సొంత కార్డుకు వెళ్తాడు. మిగిలినవాళ్లు ఇంటి కార్డులోనే ఉంటారు. వెళ్లే మనిషిని సరైన రోజున పంపాలి, ఉండేవాళ్ల కాలి కింద నేల కదలకూడదు.

ముందు రోజు సంగతి చూద్దాం. మెడికేర్‌లో చేరడానికి మీకు ఏడు నెలల గడువు ఉంటుంది: 65 నిండే నెల, దానికి ముందు మూడు నెలలు, తర్వాత మూడు నెలలు. ముందు మూడు నెలల్లో చేరితే పుట్టిన నెల 1వ తేదీ నుంచే మెడికేర్ మొదలవుతుంది. తర్వాత చేరితే, చేరిన మరుసటి నెల 1 నుంచి. మనవాళ్లు ఒక్క విషయం జాగ్రత్తగా చూసుకోవాలి. మీ అసలు పుట్టినరోజు ఏ శ్రావణ మాసంలోనో ఉండవచ్చు. బడిలో చేర్పించిన రోజున పంతులుగారు జూలై 1 అని రాసుకుని ఉంటారు. అదే పదో తరగతి సర్టిఫికెట్టులోకి, పాస్‌పోర్టులోకి, చివరికి సోషల్ సెక్యూరిటీ రికార్డులోకి ఎక్కింది. నెల 1వ తేదీన పుట్టినట్టు రికార్డులో ఉన్నవారికి మెడికేర్ ఒక నెల ముందే, అంటే జూన్ 1 నుంచే మొదలవుతుంది. వాళ్ల ఏడు నెలల గడువు కూడా ఒక నెల ముందుకు జరుగుతుంది. ఇంట్లో పాయసం ఏ రోజు వండుతారో దానితో సంబంధం లేదు, రికార్డులో ఉన్న తేదీయే లెక్క.

సోషల్ సెక్యూరిటీ పింఛను అప్పటికే తీసుకుంటున్నవారికి మెడికేర్ కార్డు దానంతటదే ఇంటికి వస్తుంది. 1960లోనూ ఆ తర్వాతా పుట్టినవారికి పూర్తి పింఛను వయసు 67 కాబట్టి, మనలో ఎక్కువమంది 65కి పింఛను మొదలుపెట్టరు. అలాంటివారు సోషల్ సెక్యూరిటీకి స్వయంగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఎవరో పంపుతారని ఎదురుచూడకండి.

“ఇప్పుడున్న మార్కెట్‌ప్లేస్ బీమా బాగానే ఉంది కదండీ, ఇందులోనే ఉండిపోతే ఏం?” అని నన్ను చాలామంది అడుగుతారు. రెండు నష్టాలు ఉన్నాయి. ఈ దేశంలో మీరుగానీ మీ జీవిత భాగస్వామిగానీ పదేళ్లు, అంటే 40 క్వార్టర్లు పని చేసి పన్ను కట్టి ఉంటే, ఆసుపత్రి ఖర్చు చూసే పార్ట్ ఎ మీకు ప్రీమియం లేకుండా వస్తుంది. ఆ అర్హత వచ్చాక మీ వంతు మార్కెట్‌ప్లేస్ ప్రీమియానికి ప్రభుత్వం ఇచ్చే టాక్స్ క్రెడిట్ ఆగిపోవాలి. తెలియక వాడుకుంటే పన్ను లెక్క వేసేటప్పుడు వెనక్కి కట్టాలి. ఇలా కట్టాల్సిన మొత్తానికి ఆదాయాన్ని బట్టి ఇదివరకు ఒక పరిమితి ఉండేది. 2026 నుంచి ఆ పరిమితి తీసేశారు, మొత్తం కట్టాల్సిందే.

రెండో నష్టం జీవితాంతం వెంట వస్తుంది. మీరో, మీ భాగస్వామో ఇంకా ఉద్యోగంలో ఉండి, ఆ ఉద్యోగపు గ్రూపు బీమా ఉంటే, డాక్టరు ఖర్చు చూసే పార్ట్ బిలో తర్వాత చేరడానికి ప్రత్యేక గడువు ఇస్తారు. మార్కెట్‌ప్లేస్ బీమాకు ఆ మర్యాద లేదు. ఆలస్యమైన ప్రతి పూర్తి 12 నెలలకూ ప్రీమియం మీద 10 శాతం జరిమానా. 2026లో పార్ట్ బి సాధారణ ప్రీమియం నెలకు 202.90 డాలర్లు. రెండేళ్లు ఆలస్యం చేసినవారు 20 శాతం, అంటే నెలకు దాదాపు 40 డాలర్లు, పార్ట్ బి ఉన్నంత కాలం అదనంగా కడుతూనే ఉండాలి. పైగా చేరడానికి మళ్లీ జనవరి 1 నుంచి మార్చి 31 దాకా ఉండే గడువు కోసం ఆగాలి.

ఇప్పుడు ఉండేవాళ్ల సంగతి. నా దగ్గరికి వచ్చిన ఒక జంట గురించి చెబుతాను. ఆయనకు 65 నిండింది, మెడికేర్ కార్డు చేతికొచ్చింది. సంతోషంగా మార్కెట్‌ప్లేస్ ఖాతా తెరిచి బీమా రద్దు చేసేశారు. తనది మాత్రమే రద్దవుతుందనుకున్నారు, కానీ అందరిదీ రద్దు చేసే మీట నొక్కారు. ఆమెకు 59. మందుల షాపులో షుగరు మందులు తీసుకోబోతే కౌంటరు దగ్గర బీమా లేదన్నారు. అప్పటికి వారాలు గడిచిపోయాయి. మనంతట మనం వదులుకున్న బీమాకు ప్రత్యేక గడువు ఇవ్వరు. ఆ సంవత్సరం మిగిలిన నెలలు ఆమె మందులు చేతి డబ్బుతోనే కొనుక్కుంది. ఆయన తప్పేం లేదు, ఆ మాట ముందుగా చెప్పేవాళ్లు ఆయనకు లేకపోయారు. ఈ సభ పెట్టమని నేను నిర్వాహకులను అడిగింది ఆమె కోసమే.

కాబట్టి పని ఈ వరసలో చేయండి. మొదట మెడికేర్‌కు దరఖాస్తు పెట్టండి. మొదలయ్యే తేదీ రాతపూర్వకంగా వచ్చేదాకా పాత బీమా ముట్టుకోవద్దు. తేదీ చేతికొచ్చాక మార్కెట్‌ప్లేస్‌కు మార్పు తెలియజేసి, ఒక్క మనిషి బీమా మాత్రమే ముగించండి. టెక్సస్ మార్కెట్‌ప్లేస్‌కు వాడే హెల్త్‌కేర్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో ఇక్కడొక మెలిక ఉంది. అందరి బీమా ముగించేటప్పుడు తేదీ ఎంచుకోవచ్చు. ఒక్కరిదే ముగిస్తే మాత్రం చాలా సందర్భాల్లో ఆ రోజుతోనే ఆగిపోతుంది. నెల ముందే నొక్కితే మెడికేర్ వచ్చేదాకా మీకు ఏ బీమా ఉండదు. అందుకే వాళ్ల కాల్ సెంటరుకు ఫోన్ చేసి, తేదీ చెప్పి, వాళ్ల చేతే చేయించుకోవడం మంచిది.

ఇంకొకటి ఇంతకన్నా ముఖ్యం. మెడికేర్‌కు వెళ్లిన మనిషి బీమా ఆగాలి కానీ, దరఖాస్తులోంచి ఆ మనిషి పేరు తీసేయకూడదు. అతను ఇంట్లో మనిషే, మీతో కలిసి పన్ను దాఖలు చేసే మనిషే. అతని ఆదాయం ఇంటి ఆదాయమే. దరఖాస్తులో అతను ఉండాలి, బీమా కోరుతున్నవాడిగా కాకుండా. పేరే తీసేస్తే ముగ్గురున్న ఇల్లు లెక్కలో ఇద్దరిదవుతుంది, ఆదాయం కూడా తప్పుతుంది. ఏప్రిల్‌లో పన్ను దాఖలు చేసేటప్పుడు ఆ తేడా బయటపడుతుంది.

ఇక డబ్బు. దీని దగ్గర కాస్త ఆగుదాం, ఇంట్లో మనస్పర్థలు వచ్చేది ఇక్కడే. “ఒక మనిషి తగ్గాడు, ప్రీమియం తగ్గాలి కదా?” అనుకుంటాం. చాలా ఇళ్లలో తగ్గదు. ఎందుకో చెబుతాను.

భర్తకు 64, భార్యకు 59, చదువుకుంటున్న కొడుకుకు 22. ఇంటి ఆదాయం ఏడాదికి 90,000 డాలర్లు అనుకుందాం. 2026 లెక్కలో ఈ స్థాయి ఆదాయం ఉన్న ముగ్గురి ఇల్లు, ప్రభుత్వం లెక్కకు తీసుకునే ప్రామాణిక ప్లానుకు తన ఆదాయంలో 9.96 శాతం పెట్టుకోవాలి. అంటే ఏడాదికి 8,964, నెలకు 747 డాలర్లు. ఆ ప్లాను అసలు ధర ఎంతైనా, 747 పోను మిగిలింది ప్రభుత్వం భరిస్తుంది. 64 ఏళ్ల మనిషి ప్రీమియం 21 ఏళ్ల మనిషిదానికి మూడింతల దాకా ఉండొచ్చు. ఉదాహరణకు ముగ్గురికీ కలిపి ధర నెలకు 2,640 అనుకుంటే ప్రభుత్వం 1,893 ఇచ్చేది. భర్త వెళ్లాక ఇద్దరి ధర 1,440కి దిగిందనుకోండి. ప్రభుత్వం 693 ఇస్తుంది. మీరు కట్టేది? అదే 747. ఎందుకంటే ఆ వాటా మనుషుల సంఖ్యను చూడదు, ఇంటి ఆదాయాన్ని చూస్తుంది. దిగిన ధర వల్ల తేలికైంది ప్రభుత్వ భారమే. మీకు మాత్రం పైన పార్ట్ బి 202.90, మందుల బీమా పార్ట్ డి, కొంటే మెడికేర్ భరించని ఖర్చుకు వేసుకునే మెడిగ్యాప్ బీమా కొత్తగా వచ్చి చేరతాయి. దీన్ని ముందే తెలుసుకుని సంవత్సరం బడ్జెట్టు వేసుకుంటే కంగారు ఉండదు. తెలియక “నీ కార్డు వచ్చి ఖర్చు పెరిగింది” అని ఒకరినొకరు అనుకోవద్దు.

ఇంకో గీత కూడా ఉంది. ముగ్గురున్న ఇంటికి 2026లో ఆదాయం 1,06,600 డాలర్లు దాటితే ఈ సాయం పూర్తిగా పోతుంది. భర్త 65కే పింఛను మొదలుపెడితే, అందులో పన్ను పడని భాగంతో సహా మొత్తం ఈ లెక్కలోకి వస్తుంది. ఆయన పింఛను ఆమె బీమా సాయాన్ని పోగొట్టవచ్చు. కాబట్టి పింఛను ఎప్పుడు మొదలుపెట్టాలన్నది ఆమెకు 65 వచ్చేదాకా ఇద్దరూ కలిసి కూర్చుని తేల్చుకోవాల్సిన మాట.

తక్కిన సంగతులు త్వరగా చెబుతాను. భార్యా కొడుకూ అదే ప్లానులో కొనసాగితే, బీమా కంపెనీ ఇవ్వడం మొదలుపెట్టేలోపు మనం పెట్టుకోవాల్సిన డిడక్టిబుల్‌లో ఇప్పటిదాకా కట్టింది లెక్కలోకి వస్తుందో లేదో కంపెనీని ముందే అడగండి. పార్ట్ బి మొదలైన ఆరు నెలల్లో మెడిగ్యాప్ కొంటే మీ షుగరు, బీపీ గురించి అడిగి నిరాకరించే వీలు వాళ్లకు లేదు. ఆ ఆరు నెలలు వదులుకోవద్దు. మెడికేర్ భారతదేశంలో చేయించుకున్న వైద్యానికి దాదాపుగా ఏమీ ఇవ్వదు. సంక్రాంతికి వెళ్లి ఉగాది దాకా ఊళ్లో ఉండేవారు దానికి వేరే ఏర్పాటు చేసుకోండి. అమెరికాలో ఎన్నడూ ఉద్యోగం చేయని గృహిణులకు కూడా 65 నిండాక భర్త పని చేసిన ఏళ్ల మీద పార్ట్ ఎ ఉచితంగా వస్తుంది, ఆయనకు కనీసం 62 నిండి ఉండాలి. ఊళ్లో చేసిన ఉద్యోగం మాత్రం ఈ 40 క్వార్టర్లలోకి రాదు. రెండు దేశాల మధ్య అలాంటి ఒప్పందం లేదు. పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులు గ్రీన్‌కార్డుతో ఐదేళ్లు వరసగా ఇక్కడ ఉన్నాకే డబ్బు కట్టి మెడికేర్ తీసుకోగలరు.

వీటిలో ఏది అర్థం కాకపోయినా డబ్బు తీసుకోకుండా, ఏ ప్లానూ అమ్మకుండా సలహా చెప్పే సేవ ప్రతి రాష్ట్రంలోనూ ఉంది. మన టెక్సస్‌లో దాన్ని హైకాప్ అంటారు. ఇంగ్లిషులో మాట్లాడటానికి మొహమాటపడే అమ్మలు, అత్తలు ఉంటే పిల్లలు పక్కన కూర్చుని మాట్లాడించండి.

రేషన్ కార్డులో పేరు తీయించాలంటే మన ఊళ్లలో ఎంత ఆలోచించేవాళ్లో మీకు గుర్తుండే ఉంటుంది. ఆడపిల్ల అత్తగారింటికి వెళ్లినా, పుట్టింటి కార్డులోంచి ఆమె పేరు వెంటనే తీయనిచ్చేవారు కాదు. ఆ జాగ్రత్తే ఇక్కడా కావాలి. 65 నిండిన రోజున జేబులోని కొత్త కార్డు మురిపెంగా చూసుకోండి, తప్పులేదు. అంతకన్నా ముందు మీ ఆవిడ చేతిలోని పాత కార్డు ఆ ఉదయం మందుల షాపులో పనిచేస్తోందో లేదో ఒకసారి కనుక్కోండి.